అమ్ముడుపోని వారానికి మంచి బ్రోకర్ దొరకడు

ఫిబ్రవరి వచ్చిందంటే చుట్టాలు, స్నేహితులు ట్యాక్స్ కాగితాలు పట్టుకుని మా ఇంటికొస్తారు. నాది ఆ వృత్తి కాదు, ఫీజూ తీసుకోను, కాకపోతే అంకెలంటే నాకు విసుగు లేదు. జీతం లెక్క చూపించే డబ్ల్యూ-2లు అయ్యాక, ఇండియాలో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ చూపించనందుకు నాలుగు చీవాట్లు అయ్యాక, లేచి వెళ్ళబోతూ ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు: "ఫ్లోరిడాలో ఒక టైంషేర్ ఉందండీ. నష్టానికి అమ్మేస్తే ట్యాక్సులో చూపించుకోవచ్చా?" చూపించుకోలేం. సొంత వాడకానికి కొన్నదాన్ని నష్టానికి అమ్మితే అమెరికా ట్యాక్సు శాఖ, అంటే ఐఆర్‌ఎస్, ఆ నష్టాన్ని పట్టించుకోదు. పొరపాటున లాభం వస్తే మాత్రం బాగానే పట్టించుకుంటుంది. అప్పుడు అసలు ప్రశ్న బయటికొస్తుంది: "పోనీ, నమ్మకంగా అమ్మిపెట్టేవాళ్ళో, అద్దెకిచ్చిపెట్టేవాళ్ళో ఎవరైనా తెలిస్తే చెప్పండి."

ఒక పేరు చెప్పి పంపించెయ్యడం తేలికే. నేను చెప్పను. ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో చాలామందికి కావలసింది, పెట్టిన డబ్బులో సగమైనా వెనక్కొస్తుందని చెప్పే మనిషి. నమ్మదగిన మనిషి ఆ మాట చెప్పడు. ఆ మాట చెప్పేవాడు నమ్మదగినవాడు కాడు. చిక్కంతా అక్కడే ఉంది.

టైంషేర్ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. రిసార్టులో ఒక అపార్ట్‌మెంటుని ఏడాదికి ఒక వారం చొప్పున యాభైమందికి అమ్మడం దీని మూలం. యూరప్‌లో 1960ల్లో మొదలైంది, అమెరికాలో 70ల్లో ఊపందుకుంది. ఇప్పుడు వారాలకి బదులు ఎక్కువగా, గదులు బుక్ చేసుకోడానికి వాడుకునే పాయింట్లు అమ్ముతున్నారు. ఆర్లాండోలోనో లాస్ వేగస్‌లోనో థీమ్ పార్కు టికెట్లు తక్కువ ధరకి ఇస్తాం, తొంభై నిమిషాలు కూర్చుని వినండి చాలు అంటారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రావాలన్నది షరతు. "ఇంట్లో అడిగి చెప్తాను" అనే దారి మూసెయ్యడానికే అది. కొత్తగా కొంటే సగటు ధర ఇరవై వేల డాలర్ల పైమాటే. అందులో దగ్గరదగ్గర సగం ఆ టికెట్లకి, ప్రకటనలకి, సేల్స్‌మన్ కమిషన్‌కి పోతుంది. ఆ సగం ఎవరూ తిరిగి కొనరు. దానికి తోడు మెయింటెనెన్స్ ఫీజు ఉంటుంది. దాని సగటు ఏడాదికి వెయ్యి డాలర్లు ఎప్పుడో దాటింది, ఏటా పెరుగుతూనే ఉంటుంది. మీరు వెళ్ళినా కట్టాలి, వెళ్ళకపోయినా కట్టాలి.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కొనేవాడి వైపు నుంచి చూడండి. వాడు కొంటున్నది ఒక వారం సెలవుతో పాటు, ఏటా పెరిగే ఒక బిల్లుని కూడా. అందుకే ఈబేలో టైంషేర్లు ఒక్క డాలరుకి కనిపిస్తాయి. అడిగే ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు మాత్రమే చూపించే ఫిల్టర్ ఒకటుంటుంది, అది నొక్కి చూడండి. 1993 నుంచి ఉన్న టైంషేర్ యూజర్స్ గ్రూప్‌లో, అందరూ టగ్ అంటారు దాన్ని, ఉచితంగా ఇచ్చేస్తాం తీసుకోండి అనేవాళ్ళ కోసం ఒక విభాగమే ఉంది. మీ రిసార్టు పేరు అక్కడ కనిపిస్తే మీ వారం ధర తెలిసిపోయినట్టే.

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇక్కడ మొదలవుతుంది. నిజాయితీగా పనిచేసే బ్రోకర్ కమిషన్ మీద బతుకుతాడు. అమ్మితే వస్తుంది, అమ్మకపోతే లేదు. సున్నాకి అమ్ముడయ్యే వస్తువు మీద కమిషన్ కూడా సున్నానే. కాబట్టి అలాంటి వారాన్ని వాడు మొహమాటం లేకుండా కాదంటాడు. మంచివాళ్ళు ఒక్కొక్కళ్ళే కాదన్నాక మిగిలేది ఎవరు? అమ్మినా అమ్మకపోయినా ముందే డబ్బు తీసుకునేవాళ్ళు. "ఎంత వెతికినా మోసగాళ్ళే తగులుతున్నారండీ" అని వాపోయేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మీ తలరాత బాగోలేక కాదు. మీ వస్తువుకి ధర లేని చోట ఆ వ్యాపారంలో మిగిలినవాళ్ళే వాళ్ళు.

మా తోడల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. ఫ్లోరిడాలో కిస్సిమ్మీ దగ్గర ఒక రిసార్టులో రెండు బెడ్‌రూముల వారం ఒకటి ఉంది అతనికి, పిల్లలు చిన్నప్పుడు కొన్నది. ఒకరోజు మేం వాళ్ళింట్లో ఉండగానే ఫోనొచ్చింది. స్పీకర్లో పెట్టాడు. అవతల చాలా మర్యాదస్తుడు. రిసార్టు పేరు, బిల్డింగ్, ఎన్నో నంబరు వారం, ఏ సంవత్సరం కొన్నదీ అన్నీ చెప్పాడు. మా తోడల్లుడి మొహం వెలిగిపోయింది, ఇన్ని వివరాలు తెలిసినవాడు అసలువాడే అయ్యుంటాడని. నిజానికి ఫ్లోరిడాలో టైంషేర్ డీడ్‌లు కౌంటీ ఆఫీసులో ఇంటి కాగితాల్లాగే రిజిస్టర్ అవుతాయి. ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. అవతలివాడికి దివ్యదృష్టి ఏం అక్కర్లేదు.

ఒక పెద్ద కంపెనీ తన ఉద్యోగుల సెలవుల కోసం వారాలు కొంటోందట. మీ వారానికి 34 వేల డాలర్లు ఇస్తుందట. కొన్న ధరకంటే ఎక్కువ! ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ కింద 1,940 డాలర్లు మీరు ముందు కడితే చాలు, క్లోజింగ్ రోజున, అంటే అమ్మకం పూర్తయ్యే రోజున, అది కూడా వాపసు. ఈమెయిల్‌లో కాంట్రాక్టు వచ్చింది. పైన బంగారు రంగు సీలు, కింద లైసెన్సు నంబరు. ఆ నంబరు నిజమైనదే, కాకపోతే రాష్ట్రం వెబ్‌సైట్‌లో కొడితే అది వేరే ఊళ్ళో వేరే పేరుతో ఇళ్ళమ్ముకునే ఏజెంటుది. నేను ఫోన్ తీసుకుని ఒక్కటే అడిగాను: "ఆ 1,940 అమ్మకం డబ్బులోంచే పట్టుకుని మిగతాది పంపండి." చట్టం ఒప్పుకోదన్నాడు. "సరే, కొనేవాళ్ళ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు ఇవ్వండి" అన్నాను. ప్రైవసీ అన్నాడు.

చట్టం గురించి వాడే ఎత్తాడు కాబట్టి చెప్పుకుందాం. రీసేల్ ప్రకటనల కంపెనీల ఆగడాలు భరించలేక ఫ్లోరిడా 2012లో ఒక చట్టం తెచ్చింది. మీ వారం కొనడానికి మనిషి రెడీగా ఉన్నాడని ఎవరైనా చెప్పాలంటే ఆ మనిషి పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాలి. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. సంతకం చేశాక ఏడు రోజుల్లోపు దాన్ని రద్దు చేసుకోవచ్చు. ఇంకోటి, అక్కడ లైసెన్సున్న రియల్ ఎస్టేట్ బ్రోకర్ టైంషేర్‌ని లిస్ట్ చెయ్యడానికి అడ్వాన్స్ ఫీజు తీసుకోవడమే చట్టవిరుద్ధం. అంటే ఫ్లోరిడా వారానికి "నేను లైసెన్సున్న బ్రోకర్‌ని, ముందు ఇంత కట్టండి" అనేవాడు ఆ ఒక్క వాక్యంతోనే దొరికిపోయాడు.

ఇంతా అయ్యాక మా తోడల్లుడు అన్న మాట నాకు ఆ కాల్ కంటే ఎక్కువ గుర్తుండిపోయింది. "అన్నయ్యా, పోతే రెండు వేలు. వస్తే ముప్ఫై నాలుగు వేలు కదా." అతను ఇంజినీరు, తెలివైనవాడు. మోసమని సగం తెలిసే ఆ మాట అన్నాడు. ఈ వ్యాపారం అమ్ముతున్నది ఆ "కదా"నే. పైగా రెండు వేలతో పోదు. అది కట్టాక మెక్సికో ట్యాక్స్ అంటారు, ఎస్క్రో, అంటే మూడో మనిషి దగ్గర ఉంచిన డబ్బు, విడుదల ఫీజు అంటారు, కట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే ఇంకా కట్టాలంటారు.

మెక్సికో అంటే నవ్వులాటగా అనలేదు. ప్యుయెర్టో వయార్టా చుట్టుపక్కల ఈ రకం కాల్ సెంటర్లు నడిపేది జలిస్కో న్యూ జెనరేషన్ కార్టెల్ అనే డ్రగ్స్ ముఠా అని అమెరికా ట్రెజరీ శాఖ చెబుతోంది. 2023 నుంచి వరసగా ఆ కంపెనీల మీద ఆంక్షలు పెడుతోంది. 2024 జులైలో ఎఫ్‌బీఐతో కలిసి ఇచ్చిన హెచ్చరిక ప్రకారం, 2019 నుంచి 2023 మధ్య మెక్సికో టైంషేర్ మోసాల్లో అమెరికాలో దాదాపు 6,000 మంది బాధితులు సుమారు 30 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నట్టు ఫిర్యాదు చేశారు. ఇది ఫిర్యాదు చేసినవాళ్ళ లెక్క మాత్రమే. సిగ్గుపడి ఊరుకున్నవాళ్ళు ఇందులో లేరు. ఆ హెచ్చరికలోనే ఉంది రెండో అంకం: ఒకసారి మోసపోయినవాళ్ళకి తర్వాత ఒక "లాయరు" ఫోన్ చేస్తాడు, పోయిన డబ్బు ఇప్పిస్తానని. ఆ తర్వాత "ప్రభుత్వ అధికారి" చేస్తాడు. అందరూ ఒకే గూటి పక్షులు.

సిగ్గు మాట వచ్చింది కాబట్టి ఒకటి అనాలి. మనవాళ్ళు ఎన్విడియా షేర్ ఎప్పుడు కొన్నారో, ఇల్లు ఎంతకి కొన్నారో అడక్కుండానే చెబుతారు. టైంషేర్ కొన్న సంగతి మాత్రం పక్క గదిలో పెళ్ళాం వినకుండా చెబుతారు, ఆవిడా సంతకం పెట్టిందని మర్చిపోయి. ఈ గుట్టే ఆ ఫోన్ చేసేవాడికి బలం. పదిమందికి చెబితే పదకొండోవాడు "నాక్కూడా అదే కాల్ వచ్చింది" అంటాడు.

అమ్మిపెడతామనేవాళ్ళు ఒక రకం. వదిలిస్తామనేవాళ్ళు, ఎగ్జిట్ కంపెనీలంటారు, ఇంకో రకం. రేడియోలో, టీవీలో మోత మోగించేది వీళ్ళే. వేలకి వేలు ముందు తీసుకుని, రిసార్టుకి నాలుగు ఉత్తరాలు రాసి, "మీరు ఫీజు కట్టడం ఆపెయ్యండి" అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఆపితే రిసార్టు ఫోర్‌క్లోజ్ చేస్తుంది, అంటే బాకీ కింద వారాన్ని లాగేసుకుంటుంది, మీ క్రెడిట్ స్కోరు మట్టి కరుస్తుంది, "చూశారా వదిలించాం" అంటారు. అది మీరే ఉచితంగా చేసుకోగలిగిన పని. టైంషేర్ ఎగ్జిట్ టీమ్ అనే పెద్ద కంపెనీ మీద వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ 2020లో దావా వేశారు. మరుసటి ఏడాది అది 26 లక్షల డాలర్లకి రాజీ అయింది. 2022లో మిజోరీకి చెందిన ఇంకో ఎగ్జిట్ వ్యాపారం మీద వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీ, విస్కాన్సిన్ రాష్ట్రం కలిసి కోర్టుకెళ్ళాయి. వసూలు చేశారన్నది 9 కోట్ల డాలర్ల పైన, ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది పెద్దవయసువాళ్ళు.

అయితే నిజంగా మార్కెట్ ఉన్న టైంషేర్లు లేవా? ఉన్నాయి. అందరికంటే ముందు చెప్పాల్సింది డిస్నీ వెకేషన్ క్లబ్. 1991లో మొదలైంది. దాని పాయింట్లకి సెకండ్ హ్యాండ్‌లో కూడా గట్టి ధరే పలుకుతుంది, వాటి మీదే బతికే బ్రోకర్లున్నారు. వాళ్ళ తీరు గమనిస్తే మంచి సర్వీసు ఎలా ఉంటుందో అర్థమైపోతుంది. మీ పాయింట్లు పోయినవారం ఎంతకి అమ్ముడయ్యాయో చెబుతారు. మీరు ఎక్కువ అడిగితే కుదరదంటారు. డబ్బు మూడో మనిషి దగ్గర, ఎస్క్రోలో ఉంటుంది. కమిషన్ క్లోజింగ్ రోజున అందులోంచే తీసుకుంటారు. డిస్నీకి అదే ధరకి తానే కొనుక్కునే మొదటి హక్కు ఉంది కాబట్టి ఆ గడువు దాటేదాకా ఆగుతారు. ఇంత మార్కెట్ ఉన్న చోట కూడా కంపెనీ రీసేల్ విలువ తగ్గించే పని తాను చేస్తూనే ఉంటుంది: 2019 జనవరి 19 నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత రిసార్టుల పాయింట్లు రివియేరా లాంటి కొత్త రిసార్టుల్లో చెల్లవు. పాత రిసార్టుల్లో కొన్నిటి ఒప్పందాలు 2042తో అయిపోతాయి, ఆ లెక్కనా ధర తగ్గుతూ వస్తుంది.

మిగతా బ్రాండ్లలో కూడా మంచి వారాలు, మంచి ఊళ్ళు ఉంటాయి. లైసెన్సున్న బ్రోకర్ల సంఘం ఒకటుంది, లైసెన్స్‌డ్ టైంషేర్ రీసేల్ బ్రోకర్స్ అసోసియేషన్ అని. ముందస్తు ఫీజు తీసుకోకపోవడం వాళ్ళ నియమం. ఇద్దరు ముగ్గురికి మీరే ఫోన్ చెయ్యండి. ముగ్గురూ "వద్దండీ, మేం తీసుకోం" అంటే వాళ్ళని తిట్టుకోకండి. మీకు వచ్చిన అత్యంత నిజాయితీ గల సలహా అదే, అదీ ఉచితంగా.

ముందు డబ్బు అడిగేవాళ్ళందరూ దొంగలేనా అని ఒకాయన నాతో వాదించాడు. కాదు, ఆయన మాటలో న్యాయముంది. రెడ్‌వీక్ లాంటి సైట్లు ప్రకటన పెట్టుకోడానికి కొంత తీసుకుంటాయి. అది పేపర్లో క్లాసిఫైడ్ వేసినట్టే. అమ్మిపెడతామని వాళ్ళు అనరు, కొనేవాడున్నాడని ఫోన్ చెయ్యరు, మీరే వెతుక్కుంటూ వెళ్ళాలి. ప్రకటన ఖర్చుకి పెట్టిన డబ్బు రాకపోయినా అది మోసం కాదు. అమ్మకం ఖాయమని చెప్పి తీసుకున్నది మోసం. నా హద్దు ఇంకా మోటుగా ఉంటుంది: తానే ముందు ఫోన్ చేసినవాడు ఎవడైనా సరే, వాడితో మాట అక్కడితో ఆఖరు.

అద్దె విషయంలో నేను కాస్త మెత్తబడతాను, ఎందుకంటే అక్కడ నిజంగా కొంత డబ్బు తిరుగుతుంది. ఆర్లాండోలో క్రిస్మస్ వారం, స్ప్రింగ్ బ్రేక్, కొలరాడోలో ప్రెసిడెంట్స్ డే నాటి స్కీ వారం లాంటివైతే మెయింటెనెన్స్ ఫీజు తిరిగొచ్చి పైన కొంచెం మిగలొచ్చు. అదే ఆర్లాండోలో సెప్టెంబరు వారమైతే ఆశ వదులుకోండి, పిల్లలు బళ్ళలో ఉంటారు, హోటళ్ళే చవకగా దొరుకుతాయి. తేల్చుకోవడం తేలిక. మీ రిసార్టులోనే, మీ తేదీలకే, మామూలు హోటల్ బుకింగ్ సైట్‌లో ఎంత చూపిస్తోందో చూడండి. అమ్ముడుపోని గదులు కంపెనీయే అక్కడ అద్దెకిస్తుంది. ఆ ధర మీ ఫీజు కంటే తక్కువుంటే మీకు అద్దెకిచ్చిపెట్టే దేవుడు ఎక్కడా లేడు. ఓనర్లు ఒకరి వారం ఒకరు మార్చుకునే ఆర్‌సీఐ లాంటి ఎక్స్‌ఛేంజ్‌లో తెచ్చుకున్న వారాన్ని అద్దెకివ్వడం నిబంధనలకి విరుద్ధమని కూడా చాలామందికి తెలియదు. సొంత వారమైనా, మీ బదులు ఇంకొకరు దిగడానికి కావలసిన గెస్ట్ సర్టిఫికెట్‌కి రిసార్టు ఫీజు ఉంటుందేమో ముందే కనుక్కోవాలి.

తెలిసినవాళ్ళకి, మన వాట్సాప్ గ్రూపుల్లో ఇచ్చుకోవడమే నాకు అన్నిటికంటే నచ్చిన దారి. రిజర్వేషన్ అద్దెకున్నవాళ్ళ పేరు మీదకి మార్చిన కన్ఫర్మేషన్ పంపాలి, వాళ్ళు రిసార్టుకి ఫోన్ చేసి సరిచూసుకోవాలి. తెలియనివాడు అనుకున్నదానికంటే ఎక్కువకి క్యాషియర్స్ చెక్కు పంపి, "మిగతాది జెల్‌లో (ఫోన్‌లోంచి బ్యాంకు ఖాతాకి డబ్బు పంపే పద్ధతి) వెనక్కి పంపండి" అన్నాడంటే ఆ చెక్కు దొంగది. బ్యాంకు దాన్ని వారం తర్వాత తిప్పి పంపుతుంది, మీరు పంపిన జెల్ మాత్రం వెనక్కి రాదు. ఇంకొకటి, అద్దె వస్తే దాన్ని ట్యాక్సులో చూపించాలి. ఫిబ్రవరిలో నా దగ్గరికొచ్చి దాచకండి.

అమ్మడానికి, అద్దెకి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. అది ఎవరికీ ఇష్టం ఉండదు: అంటగట్టిన కంపెనీనే అడగడం. లోను తీరిపోయి, ఫీజు బాకీలు లేకపోతే వింధమ్ లాంటి కొన్ని కంపెనీలు వెనక్కి తీసుకునే ఏర్పాటు పెట్టుకున్నాయి. చేతికి పైసా ఇవ్వకపోవచ్చు, పైగా చార్జీ వెయ్యొచ్చు. కాకపోతే ఏటా వచ్చే బిల్లు ఆగిపోతుంది. ఫోన్ చేసినప్పుడు సేల్స్ వాళ్ళకి చిక్కకండి, "ఓనర్ అప్‌డేట్ మీటింగ్‌కి రండి, అక్కడ మాట్లాడదాం" అని పిలిచి ఇంకొన్ని పాయింట్లు అంటగడతారు. అవసరమైతే రాతపూర్వకంగా అడగండి. కంపెనీ కాదంటే, టగ్‌లో ఉచితంగా పెట్టి, ట్రాన్స్‌ఫర్ ఖర్చులూ మొదటి ఏడాది ఫీజూ మేమే ఇస్తామనడం. ఎదురుకట్నం ఇచ్చి సాగనంపడమన్నమాట. పాతికేళ్ళ ఫీజులతో పోలిస్తే అది చవక బేరం. ఈ వారమే కొన్నవాళ్ళకైతే ఇవేవీ అక్కర్లేదు: రద్దు చేసుకోడానికి ఫ్లోరిడాలో పది రోజులు, కాలిఫోర్నియాలో ఏడు, నెవాడాలో ఐదు రోజుల గడువుంది. కాంట్రాక్టులో చెప్పిన పద్ధతిలోనే రాసి పంపాలి, ఫోన్‌లో చెబితే చెల్లదు.

మా తోడల్లుడిది చివరికి కంపెనీయే తీసుకుంది. 34 వేలు రాలేదు, ఎదురు కొన్ని వందలు అయ్యాయి. అతనికి ఆ 34 వేల మీద మమకారం ఇంకా పోలేదనుకోండి.

ఇండియాకి తిరిగి వెళ్ళిపోయే ఆలోచన ఉన్నవాళ్ళు ఈ పని ఇక్కడుండగానే తెముల్చుకోండి. ఫ్లోరిడా డీడ్ మీద అమ్మేవాళ్ళు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి, నోటరీ కావాలి, డీడ్‌లో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటే ఇద్దరూ పెట్టాలి. హైదరాబాద్ వెళ్ళాకైతే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో నోటరీ అపాయింట్‌మెంటు తీసుకుని, సీలుకి 50 డాలర్లు కట్టి, సాక్షుల్ని మీరే వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఆన్‌లైన్ నోటరీ కుదురుతుందేమో, డీడ్ మార్పు కాగితాలు చూసే టైటిల్ కంపెనీని అడగండి. ఎక్కడ సంతకం పెట్టినా రెండు కాగితాలు చేతికి రావాలి: కౌంటీలో రిజిస్టర్ అయిన కొత్త డీడ్ కాపీ, మీ ఖాతా మూసేశామని రిసార్టు ఇచ్చిన ఉత్తరం. డీడ్ ఒక్కటే మారి రిసార్టు పుస్తకాల్లో మీ పేరు అలాగే ఉండిపోతే వచ్చే జనవరి బిల్లు మళ్ళీ మీకే వస్తుంది. ఆ రెండూ వచ్చాకే బ్యాంకులో ఆటోపే తీసెయ్యండి.